నలభై ఒకటో గుల్ల

"ఆ తూటా ఆర్డిస్ చేసింది కాదు," అన్నాడు ఓట్టో బ్రెకెన్.

అతని రెండు కళ్ళకీ కట్టు ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి గుడ్డలో ఉంది. హారో క్రీక్ ఆసుపత్రిలో సోమవారం ఉదయం తొమ్మిదీ ఇరవై అయింది. ఎడమ కన్ను దక్కుతుందని, కుడి కన్ను సంగతి ఇప్పుడే చెప్పలేమని డాక్టరు బయటే చెప్పాడు.

"చూసి చెబుతున్నారా?" అంది డిటెక్టివ్ లెనోరా కాస్, కుర్చీ దగ్గరకు జరుపుకుంటూ.

"చూడ్డానికేముంది నాకిప్పుడు? ఆ మనిషికి సామానంతా ఏరి పెట్టినవాణ్ణి నేను. ఆ బల్ల దగ్గర తప్పు చెయ్యాలన్నా కుదరదమ్మాయ్. కుదరకూడదనే అలా అమర్చాను."

లెనోరాకు యాభై రెండేళ్ళు. ఈ జిల్లాలో ఆమెను ఇంకా 'అమ్మాయ్' అనే మనిషి ఓట్టో ఒక్కడే. మెషిన్ షాపులో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరైన డెబ్బై ఒక్క ఏళ్ళ బ్రహ్మచారి. ఊళ్ళో ఎవరికి ఏం పాడైనా బాగుచేసేది అతనే.

"మొదట్నించీ చెప్పండి. శనివారం ఎన్నింటికి?"

"కంకర గుంట దగ్గరికి తొమ్మిదిన్నరకు వెళ్ళాం. టార్గెట్ కట్టేసరికి పది. ఒక్కో తూటాకీ మధ్య ఐదారు నిమిషాలు ఆగాను. మూడు బంగారంలా వెళ్ళాయి. నాలుగోది పదీ ఇరవైకి పేలింది. తర్వాత నాకు తెలిసింది ఆర్డిస్ గొంతొక్కటే. కోటు విప్పి నా మొహానికి అదిమిపెట్టి, తిడుతూనే ఉంది."

"తుపాకీ ఆమెది. తూటాలు ఆమెవి. మీరెందుకు పేల్చారు?"

అంతసేపూ టకటకా చెబుతున్నవాడు ఆగిపోయాడు. కట్టు కింద చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరో ఒకరు ముందు పేల్చాలి కదా," అన్నాడు చివరికి.

ఆర్డిస్ లిండ్‌క్విస్ట్‌కు అరవై ఆరేళ్ళు. భర్త ఐనార్ చనిపోయి ఈ నవంబరుకు రెండేళ్ళు. అతని తాత కాలం నాటి లీవర్ లాగి తూటా ఎక్కించే తుపాకీ ఒకటి ఇంట్లో ఉంది. ఈ సీజన్లో ఒక్క ఎల్క్ దుప్పినైనా దానితో కొట్టాలని ఆమె పట్టుదల. ఆ కొలత తూటాలు దుకాణాల్లో దొరకడం మానేసి చాలా కాలమైంది. అందుకే ఆగస్టులో ఓట్టో ఇంటి తలుపు తట్టి, 'నాకు తూటాలు చేసుకోవడం నేర్పు, మొదట ఏం కొనాలో చెప్పు' అని అడిగింది.

"క్లైడ్ మాబ్రీ తన వేట సామాన్ల కొట్లో ఆవిడకి పెద్ద యంత్రం అంటగట్టబోయాడు తెలుసా?" ఓట్టోకి మళ్ళీ హుషారొచ్చింది. "చక్రంలా తిరిగేది. ఒక్కసారి పిడి లాగితే ఐదు పనులు అయిపోతాయి. గంటకి నాలుగొందల తూటాలు! ఆవిడకి కావలసినవి ఇరవై. నేను కొననివ్వలేదు. ఒక పిడి, ఒక పని. అంతే. గుండు బిగించే పాత ఇనప ప్రెస్సు కొనిపించాను. ఆవిడది ఎడమచేతి వాటం కాబట్టి బల్లకి ఎడమ కొసన బిగించాను. బ్యాటరీ త్రాసు చాలా బావుందన్నాడు క్లైడ్. చలికి దాని లెక్క మారిపోతుంది, ఆవిడ గరాజ్‌లో హీటరు లేదు. అందుకని కాడ త్రాసు. అది అబద్ధం చెప్పదు."

"తర్వాత?"

"పొడవు కొలిచే కాలిపరు. గుల్లలు, అదే తూటాల ఇత్తడి తొడుగులు, నిలబెట్టుకునే చెక్కపలక, అది నేనే చేశాను. పైనుంచి వంగే దీపం. తుపాకీ మందు డబ్బా బల్ల మీద ఎప్పుడూ ఒక్కటే ఉండాలి, రెండోది ఇంట్లోనే ఉండకూడదు. నోటుబుక్కు. అన్నీ కాగితం మీద రాసిచ్చాను, చూడు. ఆవిడ గోడకి అంటించింది." గొంతు తగ్గించాడు. "గోడకి అంటిస్తుందని తెలిస్తే కాస్త మంచి దస్తూరీతో రాసేవాణ్ణి."

లెనోరా లేచింది.

"ఫెల్డర్ ఆవిణ్ణి ఏమైనా అన్నాడా?" అన్నాడు ఓట్టో.

"ఇంకా లేదు. ఇప్పుడు అక్కడే ఉన్నాడు."

"అయితే నాతో మాట్లాడుతూ కూర్చున్నావేంటి? వెళ్ళు!"

*

పదీ నలభైకి లెనోరా ఆర్డిస్ ఇంటి వెనక గరాజ్‌లో అడుగుపెట్టింది. రాష్ట్ర దర్యాప్తు శాఖ నుంచి వచ్చిన ట్రెవర్ ఫెల్డర్ అప్పటికే రబ్బరు చేతి తొడుగులు వేసుకుని సామాన్లకు చీటీలు అంటిస్తున్నాడు. ముప్పై ఆరేళ్ళవాడు. మూడేళ్ళు లెనోరా దగ్గరే పని నేర్చుకుని, పోయినేడు రాజధానికి వెళ్ళాడు. అప్పటి నుంచి కనబడితే చాలు, ఇద్దరికీ పడదు.

"ఆలస్యమైంది మీకు," అన్నాడు తలెత్తకుండా. "కేసు అయిపోయింది."

"నాకు చెప్పకుండానే?"

"కొత్తగా నేర్చుకున్న మనిషి. ఒక గుల్లలో మందు రెండుసార్లు పోసింది. తుపాకీ బద్దలైంది. డబ్బాలో మిగిలిన పదహారు తూటాల్లో నాలుగు విప్పి తూచాను. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. అంటే పొరపాటు ఆ ఒక్కదాన్లోనే. నిర్లక్ష్యంతో ప్రాణాపాయం కలిగించడం. సాయంత్రానికి కాగితాలు పెడతాను."

"ఏ నాలుగు విప్పావు?"

"ముందు వరసలోది ఒకటి, రెండో వరసలో మూడు. ఏవైతే ఏంటి?"

గరాజ్ మూలన స్టూలు మీద కూర్చుని ఉంది ఆర్డిస్. పొట్టి మనిషి, పూల ఏప్రను, ఏడ్చి వాచిన కళ్ళు. లెనోరాను చూసి లేచింది.

"ఓట్టో తిన్నాడా, అమ్మా?"

"తిన్నారు. తిడుతున్నారు కూడా. బానే ఉన్నారు."

"కన్ను?"

"ఒకటి దక్కుతుందట. రెండోది తెలీదు."

ఆర్డిస్ తల ఆడించి, మళ్ళీ కూర్చుంది. "నేనే చేసుంటాను," అంది నెమ్మదిగా. "ఆ అబ్బాయి చెప్పేదీ నిజమేనేమో. ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఎక్కడో మతి తప్పుంటుంది. నన్ను తీసుకెళ్ళమనే చెప్పాను. ఒక్కసారి ఆసుపత్రికి వెళ్ళొచ్చాక."

లెనోరా బల్ల దగ్గరికి వెళ్ళింది. దాని మీద ఒక్క అనవసరమైన వస్తువు లేదు. ఎడమ కొసన ప్రెస్సు, మధ్యలో చెక్కపలక, గోడవారగా త్రాసు. త్రాసు పైన ఓట్టో కాగితం ఉంది. పెద్ద పెద్ద వంకర అక్షరాలు, అక్కడక్కడా ఎర్ర సిరాతో గీతలు. ఆమె నిలబడి చదివింది.

'ప్రెస్సు: ఒక పిడి, ఒక పనిదే. రెండోమాట వద్దు. త్రాసు: తలుపు మూసి తూచండి, గాలికి కదులుతుంది. మందు: ఈ లావు గింజదే కొనండి, ఎందుకో వచ్చాక చూపిస్తాను. గుల్ల మూతి నొక్కే అచ్చు (డై): వద్దు. ఈ తుపాకీకి అక్కర్లేదు, అక్కర్లేని పని కొత్తలో పెట్టుకోకూడదు. కళ్ళద్దాలు: మీవి కాదు, పక్కలు కూడా మూసుకునేవి. రేడియో పెట్టకండి. నన్ను కూడా మాట్లాడించకండి.'

అన్నిటికన్నా కింద, వేరే రోజు వేరే పెన్నుతో రాసినట్టున్న మాట ఒకటుంది. 'మొదటి ఐదూ నేను పేలుస్తాను. దీని మీద వాదన లేదు.'

"వాదించారా?" అంది లెనోరా వెనక్కి తిరగకుండా.

"దారంతా వాదించాను," అంది ఆర్డిస్. "తుపాకీ లాక్కున్నాడు. 'నీ చేతి పని మీద నమ్మకం లేక కాదు, నాకు సరదా' అన్నాడు. కళ్ళద్దాలు మాత్రం పెట్టుకున్నాడు. లేకపోతే ఆ ఒక్క కన్నూ..." మాట పూర్తి చెయ్యలేకపోయింది.

లెనోరా ఫెల్డర్ వైపు తిరిగింది. "లావు గింజ మందు ఎందుకు కొనిపించాడో అడిగావా?"

"కేసుకి అవసరమా?"

"ఆర్డిస్, ఒక ఖాళీ గుల్లలో మందు పొయ్యండి. మామూలుగా ఎలా పోస్తారో అలాగే."

ఫెల్డర్ అడ్డం రాబోయి, ఆగాడు. ఆర్డిస్ ముందు గరాజ్ తలుపు మూసింది. దీపం వంచింది. నాలుక చివర పెదాల మధ్య పెట్టుకుని, ఎడమచేత్తో చిన్న గరిటెతో గింజలు త్రాసులో వేసింది. కాడ నిలకడగా నిలిచేదాకా ఊపిరి బిగబట్టింది. చిన్న గరాటుతో గుల్లలోకి వంచి, పలకలో నిలబెట్టి, దీపం వెలుతుర్లో లోపలికి తొంగి చూసింది. అంతా అయ్యేసరికి నిమిషమున్నర పట్టింది.

"ఇప్పుడు అదే గుల్లలో మరోసారి."

"అయ్యో, అలా పొయ్యకూడదమ్మా."

"పొయ్యండి."

రెండోసారి పోసిన దాంట్లో కొంచెమే లోపలికి వెళ్ళింది. మిగతాదంతా గుల్ల అంచు దాటి, పలక మీదుగా బల్ల మీద రాలింది. ఆర్డిస్ కంగారుగా బ్రష్ అందుకుంది.

"ఇందుకే, ఆ లావు గింజ," అంది లెనోరా. "రెండుసార్లు పోస్తే పొంగిపోతుంది. గుడ్డివాడికైనా తెలుస్తుంది. మందు రెట్టింపైందన్న నీ మాట ఇక్కడ రాలిపోయింది ట్రెవర్, బల్ల మీద చూడు."

ఫెల్డర్ మొహం ఎర్రబడింది. "అయితే వేరే మందు కలిసుంటుంది. సన్నటిది."

"పొద్దున్నించి వెతుకుతున్నావుగా. ఈ ఇంట్లో రెండో డబ్బా ఏదైనా కనిపించిందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"కనిపించలేదు. అలాంటప్పుడు ఎక్కడిది?"

"మీకు ఆవిడంటే అభిమానం. అందుకే ఇలా మాట్లాడుతున్నారు."

"అభిమానమే. అందులో దాచుకోవడానికేముంది? నువ్వు జ్వరంతో పడుకున్న వారం నీకు సూపు పంపింది కూడా ఈవిడే. అది పక్కన పెట్టు. మిగిలిన పన్నెండూ ఇలా ఇవ్వు."

ఫెల్డర్ సంచీ విప్పి డబ్బా ఇచ్చాడు. కాఫీ పెడతానని ఆర్డిస్ ఇంట్లోకి వెళ్ళింది. లెనోరా పన్నెండు తూటాలనూ తెల్ల గుడ్డ మీద పరిచి, కిటికీ దగ్గర భూతద్దం పెట్టి ఒక్కోటీ తిప్పింది. పదకొండింటికి ఇత్తడి మూతి నున్నగా, తిన్నగా వచ్చి గుండును పట్టుకుని ఉంది. పన్నెండోది, ఆఖరి వరసలో ఉన్నది, అలా లేదు. మూతి చుట్టూ వెంట్రుకంత సన్నటి నొక్కు ఉంది. ఎవరో ఉంగరం బిగించినట్టు. ఆ ఉంగరంలో ఒకచోట చిన్న గంటు.

"ఇలా చూడు."

ఫెల్డర్ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ బల్ల మీద ఈ నొక్కు పెట్టే పనిముట్టు లేదు," అంది లెనోరా. "ఓట్టో కొననివ్వలేదు. గోడ మీద రాసుంది, చదువుకో. ఆయన ఒక కంటికి శుక్లం. ఇంత సన్నటి గీత ఆయనకి ఆనదు. ఈవిడకి అలాంటిదొకటి ఉంటుందనే తెలీదు."

"అంటే ఎవరో..."

"ఈవిడ చేసినవి రెండు తీసి, తన రెండు పెట్టారు. ఒకటి నాలుగో గదిలో. ఒకటి ఆఖరి వరసలో. శనివారం తుపాకీ భుజాన పెట్టుకోవలసింది ఎవరు ట్రెవర్? ఓట్టో కాదు."

తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డ ఆర్డిస్ చేతిలో కాఫీ కప్పులు గాల్లోనే ఆగిపోయాయి.

*

"బుధవారం సాయంత్రం నాలుగింటికి ఇరవై పూర్తయ్యాయి," అంది ఆర్డిస్. గరాజ్‌లో చలి పెరగడంతో ముగ్గురూ వంటింట్లోకి వచ్చారు. "డబ్బా బల్ల మీదే పెట్టాను. శుక్రవారం అక్కడే ఉంది. శనివారం తీసుకెళ్ళాం."

"గురువారం?"

"గురువారాలు చర్చిలో బొంతలు కుడతాం కదా. తొమ్మిదీ నలభైకి వెళ్ళాను. ఒంటిగంటా పావుకి వచ్చాను."

"గరాజ్ తాళం?"

"ఎవరు తాళం వేస్తారమ్మా ఇక్కడ?" ఆమె ఆగింది. "కానీ దొంగలెవరూ రాలేదు. క్లైడ్ ఒక్కడే వచ్చి వెళ్ళాడు. హకిల్‌బెర్రీ జామ్ సీసా ఆ గరాజ్ బల్ల మీదే పెట్టి వెళ్ళాడు. ఐనార్ పోయినప్పటి నుంచి ఏదో ఒకటి తెస్తూనే ఉంటాడు పాపం."

ఫెల్డర్ పెన్ను కదపడం మానేశాడు. లెనోరా అతని వైపు చూసింది. క్లైడ్ మాబ్రీ ఊళ్ళో వేట సామాన్ల కొట్టు నడుపుతాడు. జిల్లాలో సగం మంది తూటాలు అతని దగ్గరే చేయించుకుంటారు. ఐనార్‌కు ముప్పై ఏళ్ళు స్నేహితుడు, వేటలో జోడు.

ఫెల్డర్ లేచి బయటకు వెళ్ళాడు. కారు డిక్కీ తెరుచుకున్న చప్పుడైంది. తిరిగొచ్చి ఒక అట్టపెట్టె బల్ల మీద పెట్టాడు.

"నావి. ఈ సీజన్‌కని సెప్టెంబర్లో క్లైడ్ చేసిచ్చాడు."

లెనోరా ఒకటి తీసి భూతద్దం కింద పెట్టింది. మూతి చుట్టూ సన్నటి ఉంగరం. ఒకచోట చిన్న గంటు. మరొకటి తీసింది. అదే చోట, అదే గంటు.

"పదేళ్ళుగా కొంటున్నాను వాడి దగ్గర," అన్నాడు ఫెల్డర్. అతని గొంతులో రాజధాని బింకమంతా పోయింది. "నా కాగితాలు చింపేస్తాను లెనోరా. కానీ ఎందుకు? ఆర్డిస్ గారిని చంపి వాడికేం వస్తుంది?"

అది లెనోరాకూ తెలియలేదు. ఆమె నోటుబుక్కు అడిగింది. ఆర్డిస్ రాత గుండ్రంగా, బడిపిల్లల రాతలా ఉంది. ప్రతి పేజీకీ తేదీ ఉంది. సెప్టెంబరు ఆఖరి సోమవారం పేజీలో పాత గుల్లల కొలతలు వరసగా రాసి ఉన్నాయి. అన్నీ రెండంగుళాలకు కాస్త తక్కువ, ఒకదానికొకటి వెంట్రుక వాసి తేడా. నలభై అలా ఉన్నాయి. ఆ కింద: 'నలభై ఒకటోది. రెండంగుళాలు దాటింది. పలకలో మిగతావాటి పక్కన పొడుగ్గా ఉంది. మన తుపాకీలో పట్టదు. అడగాలి.'

"ఎవర్నడిగారు?"

"ఓట్టో మంగళవారం కంటి డాక్టరు కోసం బిల్లింగ్స్ వెళ్ళాడు. ఎలాగూ గుండ్లు కొనాలని క్లైడ్ కొట్టుకి వెళ్ళి, అతన్నే అడిగాను. చేతిలో తిప్పి చూశాడు. ఏదో కలిసిపోయుంటుంది, ఇక్కడ పడేసి వెళ్ళమన్నాడు. ఓట్టో ఒక్క గుల్ల కూడా పారెయ్యొద్దన్నాడు కదా, తెచ్చేసుకున్నాను. ఆ తర్వాత ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. క్లైడ్ రెండు మూడుసార్లు ఫోన్ చేసి అడిగాడు కూడా, దొరికిందా అని."

"దొరికిందా?"

"దొరికిందమ్మా, ఇందాకే. చర్చికి వేసుకెళ్ళే కోటు జేబులో ఉంది." ఏప్రను జేబులోంచి మాత్రల సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. లోపల ఇత్తడి గుల్ల ఒకటి.

లెనోరా దాన్ని అరచేతిలోకి వంపుకుంది. అడుగున ఉన్న ముద్ర మిగతా గుల్లల మీద ఉన్నదే. ఐనార్‌కు క్లైడే తూటాలు చేసిచ్చేవాడు. పొడుగు రకం గుల్లలు కొని, తన తుపాకీకి అలాగే వాడుకునేవాడు; ఐనార్ తుపాకీకి సరిపడేలా కత్తిరించి కురచ చేసేవాడు. అందుకే ముద్ర చూస్తే తేడా తెలియదు. కొలిస్తేనే తెలుస్తుంది. ఇది కత్తిరించని గుల్ల. దీన్ని పేల్చింది వేరే తుపాకీ.

"ఆర్డిస్, ఈ నలభై ఒకటీ ఎక్కడివి?"

"ముప్పై ఎనిమిది ఐనార్ బీరువాలోవి. మిగతా మూడూ..." ఆమె మొహమాటంగా ఆగింది. "మూడూ నువ్విచ్చినవేనమ్మా. కాగితం కవర్లో పెట్టి, ఆయన గడియారంతో పాటు."

ఐనార్ పోయిన చోట దొరికినవి ఆ మూడూ.

రెండేళ్ళ కిందటి నవంబరు. మోకాలి లోతు మంచు. వాలు మీద ఐనార్, పక్కన అతని తుపాకీ, కాస్త దూరంలో పడి ఉన్న దుప్పి. తుపాకీ గొట్టంలో ఒక గుల్ల, మంచులో రెండు. రెండు దుప్పి మీద పేల్చాడు, ఒకటి తగిలింది, ఒకటి తప్పింది, మూడోది కాలు జారినప్పుడు పేలింది అని రాసింది లెనోరా. మంచులో చేతులు పెట్టి ఆ రెండు గుల్లలూ వెతికి తీసింది ఫెల్డర్. మూడింటి మీదా ఒకటే ముద్ర. ఎవరూ కొలవలేదు. ఇద్దరూ సంతకం పెట్టారు.

"చలికి వేళ్ళు బిగుసుకుపోయాయి ఆ రోజు," అన్నాడు ఫెల్డర్ ఎటో చూస్తూ. "ఒక్కోటీ విడి కవర్లో వేశాను. పక్కపక్కన పెట్టి ఉంటే..."

"నీకు చెప్పవలసింది నేను. నేనే చెప్పలేదు." లెనోరా గుల్లను బల్ల మీద నిలబెట్టింది. "రెండేళ్ళు, ఆర్డిస్. అందరూ దాటిపోయినదాన్ని మీరు ఆగి కొలిచారు. క్లైడ్ భయపడింది దానికే."

ఆర్డిస్ ఆ గుల్ల వైపే చూస్తోంది. ఆమెకు ఎవరూ విడమరచి చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. కుర్చీ అంచు పట్టుకుని నిదానంగా కూర్చుంది.

"ఐనార్ జారిపడలేదు," అంది.

"లేదు."

"ఆయన చెయ్యి జారిందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అంత నేర్పరికి చెయ్యెలా జారిందని కోపం కూడా వచ్చేది." కళ్ళు తుడుచుకుంది. అంతలో ఏదో గుర్తొచ్చి మొహం పాలిపోయింది. "అమ్మా... గుల్ల దొరకగానే క్లైడ్‌కి ఫోన్ చేశాను. పాపం అన్నిసార్లు అడిగాడు కదా అని. తొందరేం లేదన్నాను. అయినా వస్తున్నానన్నాడు."

"ఎన్నింటికి చేశారు?"

"పదకొండుకి. మీరిద్దరూ గరాజ్‌లో ఆ తూటాలు పరుస్తున్నప్పుడు. కాఫీ పెడదామని ఇటొచ్చాను."

లెనోరా గోడ గడియారం చూసింది. పదకొండూ ముప్పై ఎనిమిది. క్లైడ్ కొట్టు నుంచి ఇక్కడికి ముప్పై ఐదు నిమిషాలు.

రోడ్డు మీద కంకర నలిగిన చప్పుడు వినిపించింది. ఫెల్డర్ కిటికీ తెర ఒక వేలితో పక్కకి తీశాడు. గేటు దగ్గర నీలం పికప్ ఆగింది. లోపలికి రాలేదు. ఇంటి పక్కన నిలిపిన రెండు పోలీసు కార్లూ అక్కడికి స్పష్టంగా కనిపిస్తాయి. ఇంజను ఆగలేదు.

"పెరట్లో కొట్టం వెనక నుంచి వెళ్తాను," అన్నాడు ఫెల్డర్ తుపాకీ తీస్తూ. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "ఈసారి రిపోర్టు కలిసే రాద్దాం లెనోరా." వెళ్ళిపోయాడు.

బల్ల మీద ఆర్డిస్ ఫోను మోగింది. తెర మీద క్లైడ్ పేరు.

"ఎత్తకండి," అంది లెనోరా.

ఆర్డిస్ ఎత్తింది. స్పీకరు నొక్కి, ఫోను ముందు పెట్టుకుంది.

"ఆర్డిస్?" క్లైడ్ గొంతు మామూలుగానే ఉంది. "ఇంట్లో ఎవరున్నారు?"

"పోలీసులు. ఆ గుల్ల చూస్తున్నారు క్లైడ్. ఐనార్‌ది కాదంటున్నారు. నీదా?"

ఫోనులో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత వచ్చిన గొంతు వేరే మనిషిదిలా ఉంది.

"పొదల్లో కదిలింది. దుప్పి అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు ఆర్డిస్, దుప్పి అనుకున్నాను. దగ్గరికి వెళ్ళేసరికే అయిపోయింది. కంగారులో తుపాకీ ఖాళీ చేస్తే నా గుల్ల అక్కడే మంచులో పడిపోయింది. ఎవరితో చెప్పను? ఏమని చెప్పను?"

"నాతో చెప్పాల్సింది."

"నిన్ను చూసినప్పుడల్లా చెబుదామనే వచ్చేవాణ్ణి. జామ్ సీసా ఇచ్చి వెళ్ళిపోయేవాణ్ణి."

"నాతో చెప్పుంటే ఏడ్చేదాన్ని. తిట్టేదాన్ని. ఏదో ఒక రోజు క్షమించేదాన్ని కూడా." ఆర్డిస్ ఫోను మీదకి వంగింది. "మరి శనివారం సంగతేంటి? నన్ను కూడా దుప్పి అనుకున్నావా?"

గేటు దగ్గర పికప్ తలుపు తెరుచుకుంది. క్లైడ్ దిగాడు. ఎడమచేత్తో ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాడు. కుడిచేతిలో పొడవాటి తుపాకీ. ఇంటివైపు నాలుగడుగులు వేసి ఆగాడు. కొట్టం మలుపులో ఫెల్డర్ మోకాళ్ళ మీద ఉన్నాడు. ఇద్దరి మధ్యా నలభై గజాల ఖాళీ నేల తప్ప ఏమీ లేదు. క్లైడ్ తల అటు తిరగబోతోంది.

లెనోరా పిస్తోలు తీసి, ముందు తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది. "ఫోన్ పెట్టెయ్యకండి," అంది నోటితో చప్పుడు రాకుండా. "మాట్లాడుతూనే ఉండండి."

ఆర్డిస్ ఫోనును రెండు చేతులతో పట్టుకుని దగ్గరకు తీసుకుంది.

"క్లైడ్," అంది, తప్పిపోయిన పిల్లాణ్ణి పిలిచినట్టు. "అటు కాదు. ఇటు, నా కిటికీ వైపు చూడు. ముందు దాన్ని కింద పెట్టు నాయనా. నువ్వు కింద పెట్టేదాకా నేనిక్కడే నిలబడి ఉంటాను."

అని తెర పూర్తిగా పక్కకు లాగి, కిటికీకి ఎదురుగా వెళ్ళి నిలబడింది.